ఇల్లాలికి ఒక గంట తీరిక

బడికి పోయే పిల్లలున్న ఇంట ఇల్లాలికి పగలంతా తీరికే గదా అనుకొనేవారు మనలో పెక్కుమంది వున్నారు. పిల్లలు ఎనిమిది గంటలకు వెళ్లి నాలుగు గంటలకు వస్తారు. భర్త ఆఫీసుకు పోతే సాయంత్రము గాని రాడు. నడుమనున్న ఎనిమిది గంటలూ ఆమెవేనని వారి లెక్క. కాగితము మీద ఈ లెక్క సరిగానే కనబడుతుంది. ఆఫీసులో రోజూ లెక్కలు సరిచూసే వాళ్లము గనుక, దీనినీ ఒకసారి తనిఖీ చేసి చూతామనిపించింది.

పిల్లలు గడప దాటగానే అంట్లు, బట్టలు ఎదురుచూస్తూ వుంటాయి. తరువాత రేషను దుకాణమో, కరెంటు బిల్లో, గ్యాసు సిలిండరు తెచ్చేవాని కోసం కాచుకొనుటో వుండనే వుంటుంది. భోజనము ముగిసి వంటయిల్లు సర్దుకొనేసరికి రెండు కొడుతుంది. మూడున్నరకు మళ్లీ పిల్లల చిరుతిండికి పొయ్యి వెలిగించాలి. మిగిలిన ఆ గంటన్నర అయినా ఏకంగా దక్కదు. ఎవరో తలుపు తడతారు. బంధువులు ఫోను చేస్తారు. రేపటికి చార్టు కాగితము కావాలని బడివారి వాట్సాపు కబురు వస్తుంది. పది నిమిషముల ముక్కలు తొమ్మిది కలిపితే గంటన్నర అవుతుంది గాని, గంటన్నర తీరిక కాదు. పది నిమిషములలో కునుకు తీయలేము, పుస్తకము చదవలేము, కళ్లడాక్టరు దగ్గరకు పోయి రాలేము.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 2019లో కేంద్రప్రభుత్వము దేశమంతటా జరిపించిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషములు వెచ్చిస్తూండగా, చేసే పురుషులు 97 నిమిషములు వెచ్చిస్తున్నారని తేలింది. పిల్లలను, వృద్ధులను చూచుకొనే పని వేరు. దానికి స్త్రీలు 134, పురుషులు 76 నిమిషములు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ప్రమాద నష్టపరిహారపు కేసులో గృహిణి పనికి విలువ కట్టవలసిందేనని చెప్పినప్పుడు, కృష్ణా జిల్లాలో పుట్టిన న్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణగారు తమ తీర్పులో ఈ అంకెలనే ఉదహరించారు. 2011 జనాభా లెక్కలలో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లని, అట్లా చెప్పిన పురుషులు కూడ సుమారు 58 లక్షల మంది వున్నారని అందులోనే వున్నది. కనుక ఇంటిపట్టున వుండి పిల్లలను చూచుకొనే తండ్రులకు కూడ ఈ మాటలు వర్తిస్తాయి.

చెన్నపట్నములోని మన తెలుగు తల్లులకు మరొక పాఠము అదనంగా వున్నది. 2006 నాటి చట్టము ప్రకారము తమిళము ఒకటవ తరగతి మొదలుకొని క్రమంగా తప్పనిసరి అయింది. ఇది మనము బ్రతికే నేల భాష; పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అయితే మాతృభాష నేర్పే భారము ఇంటి మీద పడ్డది. ఇల్లు అంటే అమ్మ అనే అర్థము. తమిళములో క, గ లకు అక్షరము ఒక్కటే. తెలుగులో క, ఖ, గ, ఘ అని నాలుగు. తాళింపు వేస్తూ వేస్తూ చెప్పితే వచ్చే చదువు కాదిది.

తమిళనాడు ప్రభుత్వము చేసిన కొన్ని పనులు తల్లుల కాలాన్ని కూడ మిగిల్చాయి. 2022లో మధురైలో ప్రారంభించిన ఉదయపు ఫలాహార పథకము 2023లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ వ్యాపించి, ఎన్నో ఇండ్లలో తెల్లవారుజాము హడావుడి తగ్గించింది. 2023 సెప్టెంబరులో అర్హులైన గృహిణులకు నెలకు 1000 రూపాయలు ఇచ్చే పథకము ప్రారంభిస్తూ, దానిని సాయమని గాక ‘ఉరిమై’, అనగా హక్కు, అని పిలిచారు. సర్కారే హక్కు అన్న తరువాత ఇంటివారు అనుటకు సంకోచమెందుకు?

మేము చెప్పదలచినది ఒక్కటే. పనులన్నీ అయిన తరువాత తీరిక దొరుకుతుందని ఎదురుచూస్తే అది ఎన్నటికీ దొరకదు, పనులు ఎన్నటికీ కావు గనుక. ఆఫీసులో ఫైళ్లు అయిపోయిన తరువాతనా మనము టిఫినుకు లేచేది? ఒంటిగంట కొట్టగానే లేస్తాము. ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఇంటనూ అట్లే ఒక గంట ముందుగా కేటాయించాలి. పిల్లలు బడికి పోయిన వెంటనే పది నుండి పదకొండు వరకు అయితే మేలు. మధ్యాహ్నానికి నెట్టితే మిగతా పనులు దానిని మ్రింగివేస్తాయి. ఆ గంటలో ఫోను మరొక గదిలో వుండాలి. బడినుండి పిలుపు వస్తే వినబడుతుంది, అంతే చాలు.

ఆ గంట నిలవాలంటే తక్కినవారు తలా ఒక చేయి వేయాలి. పదేళ్ల పిల్లలు తమ టిఫిను డబ్బా తామే కడుగుకొనవచ్చు, మరునాటి పుస్తకాల సంచి రాత్రే సర్దుకొనవచ్చు. ఆడపిల్లకు చెప్పే పని మగపిల్లవానికీ చెప్పాలి. తెలుగు పాఠము నాన్నగారిది కావాలి; రాత్రి భోజనమయిన తరువాత అరగంట పెద్దబాలశిక్ష ముందు కూర్చుంటే ఆయనకూ మంచిదే. ఆదివారము ఒక పూట వంట ఇతరులది.

ప్రేమతో చేసే పనికి గంటలు కట్టుట ఏమి మర్యాద అని పెద్దలు అనవచ్చు. పెద్దల మాట కాదనము. కాని ప్రేమ వున్నచోట అలసట వుండదని ఎవరన్నారు? తలనొప్పి వచ్చినా, చూపు మందగించినా ‘పిల్లల పరీక్షలు కానీ’ అని వాయిదా వేసే తల్లులను మనము రోజూ చూస్తున్నాము. పరీక్షలు ఏటేటా వస్తూనే వుంటాయి. పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిపోయిన నాడు, తనకేమి ఇష్టమో తనకే గుర్తు లేకుండా ఆమె మిగిలిపోరాదు.

ఆ గంటలో ఏమి చేయాలన్నది ఆమె ఇష్టము. నిద్రపోయినా సరే. చదువు మీద మక్కువ వున్నవారు ఒక్కొక్క వారము ఆ గంటను కొంచెము పొడిగించి ఎగ్మూరు వెళ్లవచ్చు. 1896 నుండి వున్న కన్నెమరా గ్రంథాలయము దేశములో అచ్చయ్యే పుస్తకముల ప్రతులు చట్టప్రకారము చేరే చోటు. తెలుగు పుస్తకములూ అక్కడకు వస్తాయి. పెద్దవయస్సులో చదువా అని సందేహించేవారికి, 1937లో ఈ పట్టణములోనే ఆంధ్ర మహిళా సభ స్థాపించి స్త్రీల చదువుకు పాటుపడిన దుర్గాబాయిగారే జవాబు.

పాఠకులారా, ఈ సంచిక మీ ఇంట ముందు ఎవరి చేతికి వచ్చిందో మాకు తెలియదు. అయ్యగారి చేతికైతే, చదివి అమ్మగారికి ఇచ్చి, ఆమె చదివినంతసేపూ పిల్లలను తాము చూచుకొనవలెనని మనవి.