తేనెటీగలకు ఉక్కు గోపురం

పిల్లలూ! కూడళ్ళలో విగ్రహాలను మీరు చూసే ఉంటారు. అవి మనుషులు చూడటానికి మనుషులు పెట్టుకున్నవి. విగ్రహం తలమీద పావురం వాలితే మనకు నచ్చదు. అలా కాకుండా, ఒక ప్రాణి కాపురం ఉండటానికే ఒక శిల్పాన్ని నిలబెడితే? అమెరికాలోని బఫెలో నగరంలో 2012లో సరిగ్గా ఆ పనే చేశారు.

బఫెలో న్యూయార్క్ రాష్ట్రంలో, ఈరీ సరస్సు ఒడ్డున ఉంది. ఒకప్పుడు అది గోధుమల రేవు. ఓడలోని ధాన్యాన్ని ఆవిరి యంత్రంతో పైకి తోడి నిలవచేసే ఎత్తైన గిడ్డంగిని 1842లో జోసెఫ్ డార్ట్ అనే వ్యాపారి అక్కడ కట్టించాడు. అలాంటి గిడ్డంగులను ఎలివేటర్లు అంటారు. కాలక్రమాన ఆ వ్యాపారం తగ్గి, ఎన్నో గిడ్డంగులు పాడుబడ్డాయి. వాటి దగ్గరే ఖాళీగా ఉన్న ఒక పాత కార్యాలయంలో, చెక్కలు కొట్టి మూసేసిన కిటికీలో తేనెటీగలు పట్టు పెట్టాయి.

ఆ భవనాన్ని బాగుచేయాలనుకున్నప్పుడు చిక్కు వచ్చింది. ఈ తేనెటీగలను ఏం చేయాలి? ఇలాంటప్పుడు చాలాచోట్ల మందు కొట్టి చంపేస్తారు. ఇక్కడ మాత్రం వాటికి కొత్త ఇల్లు రూపొందించమని బఫెలో విశ్వవిద్యాలయంలోని వాస్తుశిల్ప విద్యార్థులకు పోటీ పెట్టారు.

గెలిచిన నమూనా 22 అడుగుల ఎత్తున్న గోపురం. తుప్పు పట్టని ఉక్కు రేకులతో, తేనెపట్టులోని గదిలాగే షడ్భుజాకారంలో కట్టారు. రేకులకు చిల్లులు ఉంటాయి. అవి గాలి జోరు తగ్గిస్తాయి, వేసవిలో నీడనిస్తాయి, చలికాలపు ఎండను లోపలికి రానిస్తాయి. దాని పేరు ‘ఎలివేటర్ బి’. తేనెటీగను ఇంగ్లీషులో ఏమంటారో గుర్తుచేసుకోండి, ఆ పేరులోని చమత్కారం తెలుస్తుంది!

గోపురం లోపల, పైన, ఒక చెక్కపెట్టె వేలాడుతుంది. తేనెటీగల ఇల్లు అదే. దాని అడుగున గాజు బిగించారు. లోపలికి వెళ్ళి తలెత్తితే తేనెటీగల సంసారమంతా కనబడుతుంది, కుట్టే భయం లేదు. వాటి బాగోగులు చూసే మనిషి నిచ్చెన ఎక్కనక్కరలేదు. బావిలోకి చేదను దించినట్టు పెట్టెనే కిందికి దించుకుంటాడు.

నన్నడిగితే, ఆ షడ్భుజాకారం మన కంటికోసమేగాని తేనెటీగల కోసం కాదు. అవి చూసేవి వేరు. అదే న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ సీలీ అనే శాస్త్రవేత్త 1970లలో రకరకాల పెట్టెలు కట్టి, తేనెటీగలు దేనిలో చేరతాయో పరిశీలించాడు. సుమారు 40 లీటర్ల చోటు, చిన్న ద్వారం, నేలకు కొన్ని మీటర్ల ఎత్తు: వాటికి నచ్చినవి ఇవి. చెట్టు తొర్ర అయినా, మూసేసిన కిటికీ అయినా, ఉక్కు గోపురంలోని పెట్టె అయినా వాటి లెక్క ఇదే.

బఫెలోలో మంచు విపరీతంగా కురుస్తుంది. అప్పుడు తేనెటీగలు గుంపుగా ముద్దకట్టి, ఎగరడానికి వాడే కండరాలను వణికించి వేడి పుట్టిస్తాయి. దానికి ఇంధనం దాచుకున్న తేనె. గాలి సూటిగా కొట్టే ఇంట్లో ఆ తేనె త్వరగా ఖర్చవుతుంది. కాబట్టి గాలికి అడ్డం ఉండటం అలంకారం కాదు, అవసరం.

ఈ ఆలోచన మరీ కొత్తదేమీ కాదు. ఇస్తాంబుల్ నగరంలో 18వ శతాబ్దపు మసీదుల గోడలకు చిన్న చిన్న రాతి మేడలు చెక్కి ఉన్నాయి. గుమ్మటాలు, మీనార్లు, కిటికీలు అన్నీ ఉన్న ఆ బొమ్మరిళ్ళు పిచ్చుకల కోసం! పిల్లులకు అందనంత ఎత్తులో, ఎండ తగిలేచోట వాటిని అమర్చారు.

మరి మన ఊళ్ళలో? నీళ్ళ ట్యాంకు అడుగున వేలాడే పెద్ద తేనెతుట్టెను చూసే ఉంటారు. (దూరం నుంచే చూడండి. రాళ్ళు విసిరితే తరిమి కుడతాయి.) అది కొండ తేనెటీగది. బఫెలో తేనెటీగలా అది తొర్రలోగాని పెట్టెలోగాని ఉండదు. పైన చూరులాంటిది ఉండి, చుట్టూ ఆరుబయలుగా ఉన్నచోట ఒకే ఒక పెద్ద పట్టు పెడుతుంది. పూలు తగ్గితే వలసపోతుంది; మళ్ళీ పూలకాలంలో తరచు అదే చోటికి తిరిగి వస్తుంది. దానికి ఎంత అందమైన పెట్టె కట్టినా లాభం లేదు. అయితే అలాంటి తేనెటీగ కోసం మీ ఊరి కూడలిలో శిల్పం నిలపాలంటే అది ఏ ఆకారంలో, ఎంత ఎత్తున ఉండాలి? ఒక కాగితం మీద గీసి చూడండి.