ఏసీ చల్లబరచడం లేదా? మెకానిక్‌ను పిలిచే ముందు చూడవలసినవి

పాల సంఘం సభ్యుల పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు హైదరాబాదు చేరుతున్నారు. అమీర్‌పేటలో కోచింగ్‌కు వచ్చి గది తీసుకున్నవారు, పంజగుట్ట ప్రాంతంలో కాపురం పెట్టినవారు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. ఆ పక్కనే ఉన్న బేగంపేటలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఎండ నమోదయింది. అటువంటి వేసవిలో ఏసీ మొరాయిస్తే గాభరాపడి మెకానిక్‌ను పిలుస్తాము. ‘గ్యాస్ అయిపోయింది’ అన్న ఒక్క మాటతో ఒక పక్షం పాల బిల్లు చేజారుతుంది. లోపం చాలాసార్లు గ్యాసులో ఉండదు. ఈ సంగతి పట్నంలోని పిల్లలకు కూడా తెలియజెప్పాలి.

బల్క్ కూలర్, ఏసీ ఒక జాతివే

సంఘంలోని బల్క్ కూలర్ పాలలోని వేడిని లాగి బయటి గాలిలోకి వదులుతుంది. అందువల్ల పాలు 4 డిగ్రీలకు దిగుతాయి. ఏసీ గది గాలిలోని వేడిని అదే విధంగా బయటకు పంపుతుంది. రెండింటిలోనూ కంప్రెసర్, గొట్టాలు, వాటిలో తిరిగే గ్యాస్ ఉంటాయి. ఈ గ్యాస్ వంటగ్యాస్ మాదిరి వాడగా తరిగిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం.

మనమే చూడదగినవి

1. కరెంటు: ఏసీకి వేరుగా ఉన్న ఎం.సి.బి. పడిపోయిందేమో చూడాలి. ఒకసారి పైకి ఎత్తవచ్చు. మళ్లీ పడితే ఎత్తరాదు. కరెంటు పోయి వచ్చాక కంప్రెసర్ సుమారు మూడు నిమిషాలు ఆగి మొదలవుతుంది. అది లోపం కాదు, యంత్రానికి రక్షణ. ఇల్లంతా వోల్టేజి తక్కువగా ఉంటే విద్యుత్ సంస్థకు 1912 నంబరులో ఫిర్యాదు చేయాలి.

2. రిమోటు: బ్యాటరీలు మార్చి చూడాలి. తెరపై మంచు పువ్వు గుర్తు ఉంటేనే చల్లదనం వస్తుంది. ఫ్యాను గుర్తు ఉంటే గాలి మాత్రమే వస్తుంది. 2020 జనవరి నుంచి స్టార్ ముద్ర గల గది ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేటట్లు నిబంధన ఉన్నది. కనుక 24 కనిపిస్తే కంగారు పడనక్కరలేదు.

3. ఫిల్టర్: లోపలి యూనిట్ మూత ఎత్తితే జాలీలు కనిపిస్తాయి. స్విచ్ ఆపి, వాటిని తీసి, మంచినీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి తిరిగి అమర్చాలి. అమీర్‌పేట వంటి రద్దీ రోడ్ల పక్కన దుమ్ము త్వరగా పేరుకుంటుంది. అక్కడ రెండు వారాలకొకసారి కడగడం మేలు. జాలీ మూసుకుపోతే గాలి ఆడక లోపలి గొట్టాలపై మంచు కడుతుంది. మంచు కనిపిస్తే గీకరాదు. కూలింగ్ ఆపి, కరిగేదాకా ఫ్యాను మాత్రమే నడపాలి.

4. బయటి యూనిట్: బల్క్ కూలర్ కండెన్సర్‌కు చెత్త పట్టితే పాలు ఆలస్యంగా చల్లబడడం మనకు తెలిసినదే. ఇక్కడా అంతే. బాల్కనీలో యూనిట్ ముందు ఆరేసిన బట్టలు, అట్టపెట్టెలు, పావురాల గూళ్లు తొలగించాలి. ఇరుకు సందుల్లో ఎదురెదురుగా ఉన్న యూనిట్లు ఒకదాని వేడిని మరొకటి పీలుస్తాయి. అటువంటప్పుడు జరిపి బిగించమని మెకానిక్‌ను అడగవచ్చు. పిట్టగోడ పైనుంచి వంగి మీరు శుభ్రం చేయబోవద్దు. ప్రాణానికి ముప్పు.

5. నీరు కారడం: గోడ మీదుగా నీరు కారితే నీటి గొట్టం పూడుకుపోయి ఉండవచ్చు, లేదా మడత పడి ఉండవచ్చు. బయటి కొసను చేతికందితే సరిచేయాలి.

థర్మామీటరు పరీక్ష

పాల ఉష్ణోగ్రత చూసే థర్మామీటరు ఇక్కడా పనికివస్తుంది. గది వేడిగా ఉన్నప్పుడు ఏసీని 18 మీద పెట్టి ఇరవై నిమిషాలు నడపండి. లోనికి పీల్చుకునే గాలి వద్ద ఒకసారి, బయటకు వచ్చే చల్లగాలి వద్ద ఒకసారి చూడండి. థర్మామీటరును రెక్కల్లోకి దూర్చరాదు. సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం బాగున్నట్లే. అప్పుడు లోపం తలుపు సందుల్లోనో, పడమటి ఎండలోనో, గదికి చాలని ఏసీలోనో ఉంటుంది. పై పనులన్నీ చేసినా తేడా బాగా తక్కువగా ఉంటే మెకానిక్‌ను పిలవాలి.

మన చేయి పెట్టరానివి

కాలిన వాసన, షాకు, మళ్లీ మళ్లీ ఎం.సి.బి. పడడం కనిపిస్తే వెంటనే కరెంటు ఆపాలి. లోపలి కెపాసిటర్ స్విచ్ ఆపిన తరువాత కూడా షాకు కొట్టగలదు. ఇప్పటి ఏసీలలో విరివిగా వాడే ఆర్-32 గ్యాసుకు కొంత మండే గుణం ఉన్నది. కాబట్టి గ్యాస్ పని తెలిసినవారే చేయాలి.

మెకానిక్‌ను అడగవలసినవి

గ్యాస్ నింపాలంటే మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడ కారుతున్నది? దానిని మూసి నైట్రోజన్‌తో పరీక్షించారా? వాక్యూమ్ పంపు పెట్టిన తరువాత, ఏసీపై రాసి ఉన్న రకం గ్యాసునే తూకం ప్రకారం నింపుతున్నారా? కారే చోటు మూయకుండా గ్యాస్ నింపడం చిల్లు క్యానులో పాలు పోయడం వంటిది. మరుసటి వేసవికి మళ్లీ అదే ఖర్చు. చేసిన పని, తేదీ, గ్యాస్ తూకం రాసిన రసీదు తప్పక తీసుకుని భద్రపరచండి.