ఐండ్‌హోవెన్ బలం ఎక్కడుంది?

చిప్‌ల గురించి మాట వస్తే ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ పేరు రాక మానదు. అయితే ఆ ఊరి సంపద ఎలా పుట్టిందన్న విషయంలో అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: ఫిలిప్స్ వెళ్లిపోవడంతో ఊరి కథ ముగిసింది.

వాస్తవం: 1891లో బల్బుల తయారీతో మొదలైన ఫిలిప్సే ఈ ఊరిని పెంచింది. 1990లలో అది వేలాది ఉద్యోగాలు తీసేసింది. తర్వాత ప్రధాన కార్యాలయం ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలింది. 1993లో లారీల కంపెనీ డాఫ్ కూడా దివాలా తీసింది. అయినా పని తెలిసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. డాఫ్ కోలుకుని నేటికీ ఇక్కడే లారీలు తయారు చేస్తోంది. ఒకప్పుడు ఫిలిప్స్ సొంతానికే పరిమితమైన పరిశోధనా ప్రాంగణం 2003లో ఇతర కంపెనీలకూ తలుపులు తెరిచింది. చిప్‌ల కంపెనీ ఎన్‌ఎక్స్‌పీ 2006లో ఫిలిప్స్ నుంచే విడివడింది.

అపోహ: ఏఎస్ఎంఎల్ చిప్‌లు తయారు చేస్తుంది.

వాస్తవం: చిప్‌లు చేసేది టీఎస్ఎంసీ, సామ్‌సంగ్, ఇంటెల్ వంటి సంస్థలు. 1984లో ఫిలిప్స్ భాగస్వామ్యంతో పుట్టిన ఏఎస్ఎంఎల్ వాటికి యంత్రాలు అమ్ముతుంది. సిలికాన్ పలకపై సర్క్యూట్లను కాంతితో ముద్రించే యంత్రాలవి. 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఈయూవీ (తీవ్ర అతినీలలోహిత) కాంతితో పనిచేసే రకాన్ని చిప్ కర్మాగారాలకు అమ్ముతున్నది ప్రపంచంలో ఈ ఒక్క సంస్థే. దాని ప్రధాన కార్యాలయం ఉన్నది కూడా పొరుగునే ఉన్న వెల్డ్‌హోవెన్‌లో.

అపోహ: ఆ యంత్రం ఒక్క కంపెనీ ఘనత.

వాస్తవం: అందులోని అద్దాలు జర్మనీలోని జైస్‌వి, లేజర్ ట్రంప్ఫ్‌ది. ఇంకెన్నో భాగాలు ఐండ్‌హోవెన్‌కే చెందిన వీడీఎల్ లాంటి సంస్థల నుంచి వస్తాయి. లోహాన్ని అతి సూక్ష్మమైన కొలతలకు కోసి, బిగించే టెక్నీషియన్లు లేకుండా శాస్త్రవేత్త గీసిన డిజైన్ కాగితం దాటదు. హైటెక్ అంటే డాక్టరేట్లూ సాఫ్ట్‌వేరూ మాత్రమే అనుకునేవాళ్లు ఈ చేతిపని విలువను మరిచిపోతున్నారు.

అపోహ: పెద్ద కంపెనీ ఉంటే చాలు, ఊరు దానంతటదే బాగుపడుతుంది.

వాస్తవం: ఉద్యోగాలు పెరిగిన వేగంతో ఇళ్లు, రోడ్లు, కాలేజీ సీట్లు పెరగలేదు. ఏఎస్ఎంఎల్ విస్తరణ వేరే దేశానికి తరలిపోతుందేమోనన్న ఆందోళనతో డచ్ ప్రభుత్వం 2024లో ఈ ప్రాంతానికి 250 కోట్ల యూరోల ప్యాకేజీ ప్రకటించింది. అందులో ముఖ్యమైనవి ఇళ్లు, రవాణా, సాంకేతిక విద్యే. ఐండ్‌హోవెన్‌లా ఎదగాలనుకునే ఏ నగరమైనా కంపెనీలకు భూములివ్వడంతో ఆగకూడదు. పని నేర్పే బడులకూ, పనివాళ్లు ఉండగలిగే ఇళ్లకూ అంతే శ్రద్ధతో ఖర్చు పెట్టాలి.