ముంగిలి బడి

మంగళగిరి అనగానే పానకాల నరసింహస్వామి కొండ, నూలు చీరలు స్ఫురిస్తాయి. ఆ చీరలు గుంట మగ్గాలపై రూపొందుతాయి. భర్త మగ్గంలో దిగి నేస్తూ ఉంటే, భార్య రాట్నం తిప్పి కండెలు చుడుతుంది. ఇద్దరి చేతులూ పనిలో ఉన్నప్పుడు మూడేళ్ల బిడ్డ ఆలనాపాలనా చూసేదెవరు? ఈ ప్రశ్నకు ప్రభుత్వం చూపిన సమాధానం అంగన్‌వాడీ.

అంగనమంటే ముంగిలి. 1945లో తారాబాయి మోదక్ అరేబియా సముద్రతీరాన ఉన్న బోర్డీలో గ్రామీణ శిశువిద్యకు శ్రీకారం చుట్టారు. పిల్లలు బడికి రాలేకపోతే బడే వారి ముంగిలికి వెళ్లాలన్నది ఆమె ఆశయం. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశంలోని 33 ప్రాంతాలలో ప్రారంభమైంది. ప్రతి ఆవాసానికీ ఒక కేంద్రం ఉండాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఒకే ఊరిలో రెండు మూడు కేంద్రాలున్నప్పుడు వాటి తారతమ్యాన్ని గుర్తించడమెలా? గోడల రంగు చూసి నిర్ణయించడం పొరపాటు. మొదట చూడవలసింది ఆహారం. 2013 నాటి ఆహార భద్రతా చట్టం మూడు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజూ 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని నిర్దేశించింది. కాగితంపై అన్ని కేంద్రాలూ సమానమే. భేదం కంచంలో తెలుస్తుంది. రెండవది తూకం. క్రమం తప్పక బరువు తూచి, ఎదుగుదల పట్టికలో గుర్తించే చోట బిడ్డ చిక్కిపోవడం ముందే బయటపడుతుంది. మూడవది ఆట. పాటలు, కథలు, రంగు పూసల ద్వారా నేర్పే కేంద్రమే మేలైనది.

కొందరు తల్లిదండ్రులు కూలి డబ్బులో కొంత మిగిల్చి, బిడ్డను రుసుము చెల్లించే బడిలో చేర్పిస్తారు. అక్కడ మూడేళ్లకే పలక నిండా అక్షరాలు దిద్దిస్తే వారికి తృప్తి. కాని ఆ వయసులో చేతివేళ్లకు రాతకు తగిన పటుత్వం రాదు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని చెప్పిన 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆటపాటల చదువునే సూచించింది.

కార్యకర్త బాధ్యతలు బడితో ముగియవు. గర్భిణుల సంరక్షణ, టీకాలకు సహకారం, ఇంటింటి వివరాల సేకరణ కూడా ఆమెవే. పని భారం పెరిగిన కొద్దీ పిల్లలకు కథ చెప్పే సమయం తరిగిపోతుంది. తల్లులు వంతులవారీగా వచ్చి వంటను, తూకాన్ని గమనిస్తే కేంద్రం నిలదొక్కుకుంటుంది.

మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలంటారు. అయితే మొక్కను వంచడానికి ముందు దానికి నీరు పోయాలి. ఆ నీరు పోసే చోటే మంచి బడి.