కొన్న ఆట ఎవరిది?

విజయవాడ నుండి మైలవరం వెళ్లే దారిలో ఇబ్రహీంపట్నం దాటగానే కొండపల్లి వస్తుంది. అక్కడి కళాకారులు తెల్లపొణికి కర్రతో మలచిన ఎడ్లబండి బొమ్మను కొన్న బాలుడు దానిని ఎన్నాళ్లయినా దాచుకోవచ్చు. అమ్మినవాడు అంగడి మూసినా బొమ్మ కొన్నవాని చేతిలోనే ఉంటుంది. వీడియో గేముల లోకంలో మాత్రం ఈ చిన్న సత్యమే నేడు పెద్ద వివాదంగా మారింది.

కార్ల పందేల గేములలో 'ఓపెన్ వరల్డ్' అనునది ఒక రకం. ఇందులో ఊళ్లు, అడవులు, కొండదారులతో కూడిన విశాల ప్రదేశమంతా ఆటగాని ముందు పరచుకొని ఉంటుంది. ఏ దారిన పోవాలో అతడే నిర్ణయించుకుంటాడు. 2006లో వెలువడిన 'టెస్ట్ డ్రైవ్ అన్‌లిమిటెడ్' హవాయిలోని ఒవాహు దీవిని, 2018 నాటి 'ఫోర్జా హొరైజన్ 4' బ్రిటన్‌ను రంగస్థలాలుగా స్వీకరించాయి. ఈ రెండవ గేములో ఋతువులు మారుతాయి. శీతకాలంలో సరస్సు గడ్డకట్టి దారి అవుతుంది.

రాబోయే గేములలో ఆటగాళ్లు కోరేవి అనేకం: కారు కారుకు వేరైన ఇంజను ధ్వని, వానలో పట్టు తప్పే చక్రాలు, పక్కన కూర్చున్న మిత్రునితో ఒకే తెరపై ఆడే వీలు. మైలవరం విద్యార్థి అయితే వరికోతల వేళ ట్రాక్టర్లు అడ్డువచ్చే తన ఊరి దారిని కూడా ఆశించవచ్చు. అయితే వీటన్నిటికంటె మిన్నయైన కోరిక ఒకటి ఉంది. కొన్న ఆట తమ వద్ద నిలవాలి.

2014లో యూబీసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన 'ది క్రూ' అమెరికా దేశాన్ని కుదించి చూపిన గేమ్. ఒంటరిగా ఆడినా దానికి ఇంటర్నెట్ ద్వారా సంస్థ సర్వర్లతో అనుసంధానం తప్పనిసరి. 2024 మార్చి 31న ఆ సర్వర్లు మూతపడ్డాయి. డిస్కు ఇంట్లోనే ఉన్నా ఆట ఆగిపోయింది. ఆ పిమ్మట 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం ఆరంభమైంది. ఐరోపా సమాఖ్యకు ఉద్దేశించిన విజ్ఞాపనపై 2025 జూలైలో సంతకాలు 10 లక్షలు దాటాయి.

సర్వర్లను కలకాలం నడపడం ఖర్చుతో కూడినదని సంస్థల వాదన. అది కాదనలేనిదే. కాని ఆటగాళ్లు కోరేది శాశ్వత సేవ కాదు; సేవ ముగిసేనాటికి ఇంటర్నెట్ లేకుండా ఆడుకొనే ఏర్పాటు. 'ది క్రూ 2'కు అట్టి ఏర్పాటు చేస్తామని 2024లోనే యూబీసాఫ్ట్ ప్రకటించింది. కోరిక అసాధ్యమైనది కాదని దీనివలన తెలుస్తున్నది.

తెరపై దృశ్యాలు ఎంత మెరిసినా, ఆడుకొనే హక్కు కొన్నవానికి లేనప్పుడు అది అద్దె వస్తువే. వెల చెల్లించే ముందు 'ఇది నా దగ్గర ఎంతకాలం ఉంటుంది?' అని ప్రశ్నించడం నేటి యువతకు అవసరమైన వివేకం.