వంటింటిలోని చిన్న నల్ల పురుగులు

రాత్రివేళ వంటింట్లో దీపం వేయగానే గట్టుమీద నుండి పరుగు తీసే, రెక్కలు లేని చిన్న పురుగులను చాలామంది వేరే జాతిగా భావిస్తారు. తెలుగులో వచ్చే ఫిర్యాదులను మరాఠీలోకి అనువదించేటప్పుడు ‘గండుచీమల వంటి నల్ల పురుగులు’ అన్న వర్ణన నాకు తరచు ఎదురవుతుంది. అవి బొద్దింక పిల్లలు. మరాఠీలో బొద్దింకను ఝురళ్ అంటారు; సిబ్బందికి ఆ మాటే చెప్పండి.

బొద్దింకకు గొంగళిదశ లేదు. పిల్ల రెక్కలు లేకుండా పుట్టి, పలుమార్లు కుబుసం విడుస్తూ పెరుగుతుంది. అప్పుడే కుబుసం విడిచినది కొన్ని గంటలపాటు తెల్లగా కనిపిస్తుంది. మురుగుగొట్టాల వెంట వచ్చే పెద్ద ఎర్రని బొద్దింక పిల్ల ఎదగడానికి ఒక్కోసారి ఏడాది పైగా పడుతుంది. ఇంట్లోనే కాపురముండే చిన్న గోధుమరంగు జాతి, అంటే జర్మన్ బొద్దింక, రెండు మూడు నెలలలోనే ఎదుగుతుంది. ఆడపురుగు 30 నుండి 40 గుడ్లున్న తిత్తిని పిల్లలు వెలువడే సమయం వరకు తన వెంటనే మోస్తుంది. ఆ పిల్లలు పుట్టినచోటు విడిచి దూరం పోవు. కనుక వీపున లేతచార గల నల్లని పిల్లలు కనిపిస్తే అవి దారితప్పి వచ్చినవి కావు. ఫ్రిజ్ మోటారు వెనుకనో, మిక్సీ అడుగుననో, అల్మారా మడతబందుల సందుననో గూడు ఉన్నదని గ్రహించాలి.

రాత్రి తొట్టిలో మిగిలిన నీరు, పిండని తడిగుడ్డ వాటికి చాలు. పిల్లలు పెద్దవాటి మలాన్ని కూడా తింటాయి. రోత కలిగించే ఈ అలవాటే మనకు ఉపకరిస్తుంది: జెల్ మందు తిన్న బొద్దింక మలం ద్వారా ఆ విషం సందులలో దాగిన పిల్లలకూ చేరుతుంది. స్ప్రే వల్ల ఎదుట ఉన్నవి చస్తాయి, తక్కినవి చెదరిపోతాయి. జెల్ పెట్టినచోట స్ప్రే కొడితే అవి జెల్‌ను ముట్టవు. ఖర్చు రెండు విధాలా వృథా. గుడ్లతిత్తిలోనికి మందు సరిగా చొరదు గనుక కొన్ని వారాలకు మళ్లీ పెట్టవలసి ఉంటుంది. గోడలు కలిసిన చాల్ ఇళ్లలో ఇరుగుపొరుగువారు ఒకేరోజున పెట్టుకోవడం మేలు.

విడిచిన కుబుసాలు, మలం పొడిగా మారి గాలిలో కలిస్తే ఉబ్బసం గల పిల్లలకు ఆయాసం హెచ్చుతుంది. చచ్చినవాటిని చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తీసివేయండి. బొద్దింకల మందు సుద్దముక్క చూడడానికి పలకబలపం వలెనే ఉంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో దానిని వాడకండి.