భీమిలి ఒడ్డున పీతల ముగ్గులు

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల సున్నపురాతిని తొలుచుకుంటూ దిగివచ్చే గోస్తని భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఫాల్గుణమాసపు తెల్లవారుజామున అక్కడ నిలబడితే ఏటి నీరేదో, కడలి నీరేదో తెలియదు. రెండూ ఒకే బూడిద రంగు. అత్తయ్య ఇంటికి రోడ్డు మీదుగా వెళితే దగ్గర. నేను మాత్రం ఒడ్డు వెంటే నడుస్తాను.

పాటు సమయం. నీరు తగ్గిన చోట, తడి ఇసుక మీద పెసరగింజంత ఉండలు. ఒక్కో చిన్న బొరియ చుట్టూ వరసలు వరసలుగా పరుచుకుని, ఎవరో వేకువనే లేచి వాకిట్లో ముగ్గు పెట్టినట్టు ఉంటాయి. గోరంత కూడా ఉండని పీతల పని ఇది. నీరు తగ్గగానే పైకి వచ్చి, ఇసుకను నోటికి అందుకుంటాయి. రేణువులకు అంటుకున్న నాచునూ సూక్ష్మజీవులనూ తిని, శుభ్రపడిన ఇసుకను ఉండ చుట్టి పక్కన పడేస్తాయి. అడుగు పడితే చాలు, అన్నీ మాయం. కదలకుండా కాసేపు కూర్చోండి, ఒక్కొక్కటిగా మళ్లీ వస్తాయి. పోటు వచ్చి అంతా చెరిపేస్తుంది. మరుసటి పాటుకి మళ్లీ కొత్తగా మొదలు. ఇంత ఓపికైన పని నేను మరెక్కడా చూడలేదు.

పైన పొడి ఇసుకలో బాలబంద తీగ ఊదారంగు పూలు విప్పుతోంది. మధ్యాహ్నానికి వాడిపోయే పూలవి. తీగ మాత్రం కణుపు కణుపుకీ వేళ్లు దించి, గాలికి లేచిపోయే ఇసుకను పట్టి ఉంచుతుంది. దాని పక్కనే రావణాసురుడి మీసాలు. ఈ గడ్డి ఎండిన కాయల గుత్తులు ముళ్ల బంతుల్లా విడిపోయి, గాలికి ఒడ్డంతా దొర్లుతూ గింజలు రాల్చుకుంటూ పోతాయి.

ఇసుకను గాలి ఎంత దూరం మోయగలదో విశాఖ దారిలోని ఎర్రమట్టి దిబ్బలు చెబుతాయి. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గి అడుగు బయటపడినప్పుడు గాలులు పోగేసిన ఇసుక అది. అందులోని ఇనుము వేల ఏళ్లు గాలికీ వానకీ నాని తుప్పు రంగు తేలింది. 2014లో ఆ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు.

అత్తయ్య వాకిట్లో నెత్తళ్లు ఆరబోస్తోంది. "ఒచ్చీసేవా నాన్నా! మీ మావయ్య ఇంకా ఒడ్డునే ఉన్నాడు" అంటూ పీట వేసింది. టీ తాగుతుంటే తాబేళ్ల మాట వచ్చింది.

"మొన్న రాత్రి పిల్లలు లేచాయిరా. సముద్రం కేసి ఎల్లకుండా రోడ్డు కేసి వచ్చీసేయి, ఆ లైట్లు సూసి. బుట్టకెత్తి నీళ్లలో వొదిలీసొచ్చాం" అంది.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఒడ్డుకొచ్చి, ఇసుక తవ్వి వంద వరకూ గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. పొదిగేది ఇసుక వేడే. పుట్టేది ఆడో మగో తేల్చేదీ ఆ వేడే. గూడు వెచ్చగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు పైకి వస్తాయి. చీకట్లో సముద్రం మీది ఆకాశమే కొంచెం వెలుతురుగా ఉంటుంది. ఆ వెలుగు వైపు పాకడం వాటికి పుట్టుకతోనే తెలుసు. మన వీధి దీపం అంతకంటే ప్రకాశంగా ఉంటే అటే వెళ్లి, తెల్లారేసరికి కుక్కలకో కాకులకో చిక్కుతాయి.

వలలో తాబేలు పడితే మావయ్య దణ్ణం పెట్టి వదిలేస్తాడు. శ్రీకూర్మంలో దేవుడు ఆ రూపంలోనే ఉన్నాడు కదా, అంటాడు. 1972 వన్యప్రాణి చట్టం కూడా వాటిని మొదటి షెడ్యూల్లో పెట్టి కాపాడుతోంది. అటవీ శాఖ వాళ్లు గుడ్లు సేకరించి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను కడలికి చేరుస్తున్నారు.

తీరం వెంట ఇళ్లు, హోటళ్లు ఉన్నవారికి ఒక్క విన్నపం. జనవరి నుంచి మే దాకా రాత్రిళ్లు సముద్రం వైపు దీపాలు ఆర్పేయండి. ఒడ్డున తాబేలు కనిపిస్తే టార్చి వేయకండి, ఫొటోల కోసం చుట్టుముట్టకండి. గూడు కనిపిస్తే తవ్వకుండా అటవీ శాఖకు కబురు చేయండి.